ఎత్తులు వేసేవాడి కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపినంతవరకూ నవల చదివాను. ఆపకుండా చదివించింది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేవి నీకు అంతగా రుచించకపోవచ్చు. మండలాధ్యక్ష పదవి కోసం నీ హీరో వేసే ఎత్తులు భలే అల్లావు. ఎవడికి ఎంత అప్పుంది, ఎవడి కాంట్రాక్టు బిల్లు ఎక్కడ ఆగింది, ఎవడి కొడుకు మీద ఏ కేసుంది, అన్నీ వాడికి తెలుసు. మండలాధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఎంపీటీసీలే కాబట్టి, అవతలి పార్టీ ఎంపీటీసీలను ఒక్కొక్కర్నీ లాగిన తీరు చదువుతుంటే నాకూ ముచ్చటేసింది. గొడవంతా ఆ ముచ్చట దగ్గరే ఉంది.

పదవి కోసం మాయ చేసేవాణ్ణి హీరోని చేయడం తప్పా అని అడిగావు. తప్పేం కాదు, రాయి. ధర్మాత్ముల గురించే రాయాలంటే మనమంతా ఈపాటికి కలం మూసి పెట్టేసేవాళ్ళం. కానీ వాడి తెలివికి నువ్వు కూడా పడిపోయి, వాడు లెక్కలోకి తీసుకోని మనుషుల్ని నువ్వూ లెక్కలోకి తీసుకోకపోతే, ఆ తప్పు వాడిది కాదు, నీది.

క్యాంపు అధ్యాయమే చూడు, ఓటింగ్ దాకా సభ్యుల్ని అవతలివాళ్ళకి చిక్కకుండా ఒకచోట దాచి ఉంచేది. అందర్నీ బస్సెక్కించి రిసార్టుకు తరలించాడని ఒక్క వాక్యంలో తేల్చేశావు. మండలాధ్యక్షుడి (ఎంపీపీ) ఎన్నికను దగ్గర్నుంచి చూసినవాడెవడైనా ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. ఆ బస్సులో ఉన్నదెవరు? సగం సీట్లు ఆడవాళ్ళవి కదా. పక్కన మొగుళ్ళు. బేరమంతా మొగుడితో, సంతకం మాత్రం ఆవిడది. ఎక్కగానే ఫోన్లు తీసుకుని ఒక సంచిలో వేస్తారు. దేవుడి దర్శనానికని చెప్పి ఎక్కించినవాళ్ళు కూడా ఉంటారు. పాలు తాగే పిల్లను అత్తగారి దగ్గర వదిలి వచ్చిన మనిషి ఉందనుకో, రెండో రోజుకి రొమ్ములు గట్టిపడి జ్వరం తగిలి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక బాత్రూంలో పాలు పిండి పారబోసుకుంటుంది. బయట లాన్‌లో మగవాళ్ళు పేకాట. మళ్ళీ బస్సు దిగేది సరాసరి ఎంపీడీవో ఆఫీసు ముందే. అక్కడ రహస్య బ్యాలెట్ లేదు, చేతులెత్తడమే. ఎవరికి ఎత్తిందీ అందరికీ కనబడుతుంది, పార్టీ విప్‌ను, అంటే ఎవరికి ఓటేయాలన్న ఆదేశాన్ని, కాదంటే సభ్యత్వమే ఊడుతుంది. మొగుడు హాలు బయట ఆగిపోవాలి. అన్ని రోజుల తర్వాత ఆవిడ ఒక్కతీ కూర్చునేది ఆ కాసేపే. నవల మొత్తంలో నీకు దొరికిన అసలైన చోటు అది, నువ్వేమో నీ హీరో మీసం మెలేయడం చూపించి అధ్యాయం ముగించావు.

వ్యూహానికీ మోసానికీ గీత ఎక్కడ గీయాలి అన్నది నీ రెండో ప్రశ్న. నాకు తెలిసిన కొలత ఇది: ఈ ఎత్తు ఎవరి మీద వేస్తున్నావో వాళ్ళకి ముందే తెలిసిపోతే అది పనిచేస్తుందా? అయినా పనిచేస్తే వ్యూహం, బెడిసికొడితే మోసం. చదరంగంలో అవతలివాడికి మన ఎత్తు చెప్పం కదా అంటావేమో. నిజమే, కానీ వాడు ఆడదామనే వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు, దాచడం ఆటలో భాగమని వాడికీ తెలుసు. బస్సులో ఆవిడకి ఆట నడుస్తోందన్న సంగతే ఎవరూ చెప్పలేదు.

భారతంలో ద్రోణుడి సంగతి ఇందుకే నన్ను వదలదు. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి కేకేసినా ద్రోణుడు పూర్తిగా నమ్మలేదు. ధర్మరాజుని అడిగాడు. ఆ క్షణంలో అడిగింది శత్రు సేనాపతి కాదు, కొడుకు ఉన్నాడో లేడో తేల్చుకోవాలనుకున్న ముసలి తండ్రి. అడిగింది కూడా అబద్ధమాడడని తను నమ్మిన శిష్యుణ్ణి. ఆ ఒక్క అబద్ధం చెల్లడానికి పెట్టుబడి ఏమిటంటే, ధర్మరాజు అప్పటిదాకా చెప్పిన నిజాలన్నీ. నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే అతని రథం ఆ మాటతో కిందికి దిగిందన్నది అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత ఏమైందో చాలామంది పట్టించుకోరు. అర్జునుడు సొంత అన్ననే నిలదీస్తాడు. సాత్యకీ ధృష్టద్యుమ్నుడూ కొట్టుకునేదాకా పోతారు, గద ఎత్తిన సాత్యకిని భీముడు పట్టుకుని ఆపాల్సి వస్తుంది. ఇదంతా ఎత్తు పారిన శిబిరంలో! నీ హీరోకి మాత్రం గెలిచిన రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. రేపు ఇదే పని నాకూ చేస్తాడు కదా అని వాడి అనుచరుల్లో ఒక్కడికైనా అనిపించదా?

మన రాజకీయాల్లోకి వద్దాం. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించాక, ఎన్టీఆర్ వైపు ఎమ్మెల్యేలను నాచారంలోని రామకృష్ణా స్టూడియోలో పెట్టారు, ఢిల్లీ తీసుకెళ్ళి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు, తర్వాత కర్ణాటకలో నంది హిల్స్‌కు తరలించారు. సెప్టెంబర్ 16న ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి. 1995 ఆగస్టులో క్యాంపు హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌లో, ఈసారి అదే ఎన్టీఆర్‌కు వ్యతిరేకంగా. సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు ప్రమాణం చేశారు, మరుసటి జనవరి 18న ఎన్టీఆర్ పోయారు. మొదటిదాన్ని ప్రజాస్వామ్య పునరుద్ధరణ అన్నాం. రెండోదాన్ని కొందరు వెన్నుపోటు అంటారు, కొందరు పార్టీని నిలబెట్టుకోవడం అంటారు. క్యాంపు మాత్రం రెండుసార్లూ క్యాంపే.

పై కొలత పెట్టి చూస్తే రెండుచోట్లా ఎమ్మెల్యేలకు తాము ఎందుకు వచ్చారో తెలుసు. సభలో మెజారిటీ ఎటుంటే అటే ప్రభుత్వం కాబట్టి చట్టం వైపు నుంచి 1995ను తప్పు పట్టడమూ కష్టమే. కానీ ఆ హోటల్ గదుల్లో లేని మనిషొకడున్నాడు, 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ముఖం చూసి ఓటేసినవాడు. వాణ్ణెవరూ అడగలేదు. 1984లో పదవి తిరిగొచ్చాక ఎన్టీఆర్ అసెంబ్లీ రద్దు చేసి, 1985 మార్చికల్లా జనం ముందు నిలబడి గెలిచారు. 1995 తర్వాత అసెంబ్లీకి జనం తీర్పు 1999లో వచ్చింది, అప్పుడు జనం చంద్రబాబునే గెలిపించారు, అదీ కాదనలేం. నాకైతే ఈ మధ్య కాలమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఎత్తు వేసినవాడు ఎవరి పేరు చెప్పి వేశాడో, వాళ్ళ ముందుకు ఎంత త్వరగా వచ్చి నిలబడ్డాడు? నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, ఈ విషయం మీద నా స్నేహితులతోనే నాకు ఇప్పటికీ పడదు. నీ హీరో మాత్రం గెలిచాక ఒక్కసారైనా ఊళ్ళోకి వెళ్ళాలి కదా.

ఇంకోటి, నీ కథలో ఎత్తులు వేసే ఆడది ఒక్కతే ఉంది, ఆమెను విలన్ చేశావు. పల్నాటి నాగమ్మ కథ మనకు చేరింది ఎక్కువగా బ్రహ్మనాయుడి పక్షాన పాడినవాళ్ళ గొంతుల్లోనే. అందుకే కోడిపందెంలో ఆమె గెలుపు కుట్రగా మిగిలింది, మంత్రాంగం అన్నవాళ్ళు తక్కువ. ఆమె చేసిందంతా మంచిదని నేననను. ఆమె పని బ్రహ్మనాయుడు చేసి ఉంటే ఏ పేరు పెట్టేవాళ్ళమో ఒకసారి ఆలోచించు.

అవార్డుల సంగతి కూడా అడిగావు. పుస్తకం పదిమందికి పంపు, చదవమని ఫోన్ చెయ్యి, సభల్లో పెద్దవాళ్ళను పలకరించు, అందులో సిగ్గేం లేదు. నీ పుస్తకానికి నువ్వే రివ్యూ రాసి స్నేహితుడి పేరు పెట్టకు, అంతే. దీని మీద ఇంతకంటే మాట్లాడితే టైమ్ వేస్ట్.

క్యాంపు అధ్యాయం ఆవిడ వైపు నుంచి తిరగరాసి పంపు. మీ చుట్టుపక్కల ఎంపీటీసీగా చేసినావిడ ఎవరైనా ఉంటే కలిసి మాట్లాడు, ఇంటాయన లేనప్పుడైతే ఇంకా మంచిది. నవల రాస్తున్నానని కూర్చోగానే చెప్పెయ్యి. అది విని ఆవిడ మాట్లాడనంటే, టీ తాగి వచ్చెయ్యి. మాట్లాడితే పేరూ ఊరూ మార్చడం మర్చిపోకు, మీ మండలం చిన్నది.

ఉంటాను.