తలంబ్రాలు వణకకుండా

చిన్నా,

పాత పెళ్లి టేపుల్ని డీవీడీలుగా చేసిచ్చే కొట్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది. ఆ వెనకే, ఏ సాఫ్ట్‌వేర్ తగిలించుకుంటావోనని భయమూ వేసింది.

కోసి అతికించే సాఫ్ట్‌వేర్ వేరు, మెనూ, చాప్టర్లు పెట్టి, డీవీడీ ప్లేయర్ చదివే వీడియో_టీఎస్ ఫోల్డర్ తయారుచేసే ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ వేరు. డావిన్సీ రిజాల్వ్ రంగులు దిద్దడంలో గట్టిదే గానీ, డీవీడీకి కావలసిన ఎంపెగ్-2 రకం వీడియో ఫైలు ఇవ్వదు. ఆథరింగ్‌కి వాడే అడోబీ ఎన్‌కోర్ సీఎస్6 వెర్షన్‌తోనే ఆగిపోయింది. నువ్వు కేడెన్‌లైవ్‌లో కోసుకో, డీవీడీస్టైలర్‌లో మెనూ పెట్టుకో. రెండూ ఉచితం. ఇక క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లావో, చెవి మెలేస్తాను! నీ చేతికిచ్చే టేపుకి వాళ్ల దగ్గర ఇంకో కాపీ ఉండదురా. క్రాక్‌తో వచ్చిన వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేస్తే ఏం చెబుతావు వాళ్లకి?

ర్యామ్ 16 జీబీ చాలు. గంట మినీడీవీ (చిన్న డిజిటల్ క్యాసెట్) టేపు 13 జీబీ దాకా తింటుంది, హార్డ్‌డిస్క్ ఆ లెక్కన చూసుకో.

ఇప్పుడు అందరూ తప్పులో కాలేసే చోటు, ఫీల్డ్ ఆర్డర్. టేపులో ఒక్కో ఫ్రేమూ రెండు సగాలు, వాటినే ఫీల్డులంటారు: సరి గీతలొకటి, బేసి గీతలొకటి. సెకనుకి 25 ఫ్రేములు, 50 ఫీల్డులు. మినీడీవీలో కింది ఫీల్డు ముందు, ఇలాగే సగాలుగా తీసే 1080 ఇంటర్లేస్ హెచ్‌డీ కెమెరాల్లో పై ఫీల్డు ముందు. ఈ వరస తిరగబడితే తర్వాతి క్షణం ముందే కనబడుతుంది. పీటల మీద కదలకుండా కూర్చున్న సీను బాగానే ఉంటుంది, అక్కడే మోసపోతాం. తలంబ్రాల దగ్గర చూడు: గింజ ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకెళ్లి గాల్లోనే వణుకుతుంది. కంప్యూటర్లో చాలాసార్లు ఇది పట్టుబడదు, కస్టమరు ఇంట్లో టీవీలో బయటపడుతుంది. అప్పుడు డిస్క్ కంపెనీ మారుస్తారు, రైటర్ మారుస్తారు, వణుకు మాత్రం పోదు.

కేడెన్‌లైవ్ ప్రాజెక్ట్ ప్రొఫైల్ డీవీ/డీవీడీ పాల్ పెట్టు, 720×576. పాల్ అంటే మన దేశపు టీవీ పద్ధతి. క్లిప్ ప్రాపర్టీస్‌లో ఫీల్డ్ ఆర్డర్ కెమెరాకి తగ్గట్టుందో లేదో చూడు. ఎంపెగ్-2గా బయటికి తీశాక, డీవీడీస్టైలర్‌లో వీడియో ఫార్మాట్ దగ్గర 'కాపీ' ఎంచుకో. లేకపోతే వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే మళ్లీ కుదించి రాస్తుంది, నాణ్యత పడిపోతుంది, సరిచేసిన వరస మళ్లీ తిరగబడ్డా ఆశ్చర్యం లేదు. పని మొత్తం చేసి కాదు, ముందు తలంబ్రాల ముక్క అర నిమిషం రీరైటబుల్ డిస్క్ మీద రాసి టీవీలో చూడు. దొరికితే డబ్బా టీవీయే మేలు, అది ఏ ఫీల్డునీ దాచదు.

4.7 జీబీ డిస్క్‌కి బిట్‌రేట్, అంటే సెకనుకి ఎంత డేటా వాడాలో, లెక్క సులువు: 600ని నిమిషాలతో భాగించు. రెండు గంటలకి ఆడియోతో కలిపి 5 ఎంబీపీఎస్. మూడు గంటల పెళ్లిని ఒక్క డిస్క్‌లో కుక్కితే 3.3కి పడి, పందిరి పూలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. రెండు డిస్క్‌లు ఇవ్వు, డబ్బులు అడగడానికి మొహమాటపడకు. చిన్న పెళ్లి అయినా 8 దాటించకు, పాత ప్లేయర్లు తడబడతాయి.

మెనూలో తెలుగు ఒత్తులు విడిపోతే పేర్లని బొమ్మగా చేసి పెట్టు. అమెరికాలో ఉన్న కూతురికి పంపుతామంటే పాల్ డిస్క్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4 కూడా ఇవ్వు, అక్కడి ప్లేయర్లు చాలావరకు పాల్ తీసుకోవు. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అంటించకు.

మొదటి డిస్క్ పట్టుకుని ఇంటికి రా. మన డబ్బా టీవీ ఇంకా అమ్మలేదు. భోజనం ఇక్కడే.

మీ మావయ్య