పురిటికి డాలస్ వెళ్ళాలి, టికెట్టు చూస్తే గుండె గుభేలు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను బరంపురంలో హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు డాలస్‌లో ఉంటారు. అమ్మాయికి జనవరి రెండో వారంలో పురుడు. డిసెంబరు 20కి నేనూ మా ఆవిడా బయల్దేరి, ఆరు నెలలు ఉండి వద్దామని ఆలోచన. వీసాలు ఉన్నాయి. రానుపోను టికెట్టు ధర చూసి గుండె గుభేలుమంది. ఇక్కడి ఏజెంటు ఈరోజే తీసేసుకోమంటున్నాడు. మా మేనల్లుడేమో ఆఖరి వారంలో తగ్గుతాయి, ఆగమంటున్నాడు. భువనేశ్వర్ నుంచి వెళ్ళడం మేలా, విశాఖపట్నం నుంచా?
- ఒక మాస్టారు, బరంపురం

జవాబు: మాస్టారూ, మీ జేబుకి చిల్లు పెడుతున్నది డిసెంబరు 20 ఒక్కటే అనుకోకండి. దానికి ఆరు నెలలు కలపండి, జూన్ 19 వస్తుంది. అమెరికాలో బడులకి సెలవులిచ్చి, అక్కడి మనవాళ్ళంతా పిల్లల్ని వెంటబెట్టుకుని ఇండియాకి బయల్దేరే రోజులవి. అంటే వెళ్ళేటప్పుడు క్రిస్మస్ రద్దీ, వచ్చేటప్పుడు వేసవి రద్దీ. రెండు వైపులా పీక్ సీజన్ రేటే కట్టాలి.

పురుడు ఆగదు కాబట్టి వెనక్కి జరగలేరు, ముందుకి జరగండి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ వారం అమెరికా లోపల విమానాలన్నీ కిటకిటలాడతాయి. అది దాటాక డిసెంబరు మొదటి వారంలో రద్దీ కాస్త సద్దుమణుగుతుంది. అప్పుడు బయల్దేరి, మే రెండో వారంలో తిరిగి రండి. టెక్సాస్‌లో బడులు మూసేది మే చివర్లో, ఆ గుంపుకి మీరు ముందే ఉంటారు. మనవడో మనవరాలో అప్పటికి నాలుగు నెలల బిడ్డ. బరంపురం మే ఎండలోకి దిగాలని మీ ఆవిడ సణుగుతారు, ఆ మాట మాత్రం మీరే పడాలి. ఇంకొకటి. ఆరు నెలలనేది సాధారణంగా ఇచ్చే గడువు. అక్కడ దిగాక మీ ఐ-94లో, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో అమెరికావాళ్ళు రాసే నమోదులో, ఏ తేదీ పడితే అదే లెక్క. తిరుగు టికెట్టు దానికి బాగా ముందే ఉండాలి.

"పోనీ, ఖర్చు తగ్గుతుందని సంక్రాంతి చేసుకుని వెళ్తాం" అని మాత్రం అనకండి. పండక్కి వచ్చినవాళ్ళంతా తిరిగి అమెరికా వెళ్ళేది జనవరిలోనే.

ఏజెంటు మాట, మేనల్లుడి మాట రెండూ పక్కన పెట్టండి. నేను టికెట్ కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్నదాన్ని. ఒకే ఎకానమీ క్లాసులో సీట్లకి రకరకాల రేట్లుంటాయి. చౌకవి ముందు అమ్ముడుపోతాయి. ఆఖర్న కొనేది తప్పనిసరై వెళ్ళేవాళ్ళని విమానం కంపెనీకి తెలుసు. మరి వాళ్ళకెందుకు తగ్గిస్తుంది? అలాగని ఈరోజే కొనాలనీ లేదు. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల క్యాలెండరు తెరిచి ప్రైస్ ట్రాకింగ్ (ధర మారితే కబురు చేసే ఏర్పాటు) పెట్టుకోండి. రెండు మూడు వారాలు గమనిస్తే ధర వరస మీకే తెలుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరులో కొనేయండి.

కొనేముందు ఒక పని చేయండి. ముందు ఒక్కరికే వెతికి ధర చూడండి, తర్వాత ఇద్దరికి. చౌక రేటులో సీటు ఒక్కటే మిగిలి ఉంటే, ఇద్దరికి వెతికినప్పుడు ఇద్దరికీ పై రేటే చూపిస్తుంది. తేడా బాగా ఉంటే విడివిడిగా కొని, రెండు బుకింగులనీ కలిపి చూడమని కంపెనీకి ఫోన్ చేసి చెప్పండి. తేడా వెయ్యీ రెండువేలే అయితే వదిలేయండి, పెద్దవాళ్ళు ఒకే బుకింగులో ఉండటమే సుఖం.

ఇక విమానాశ్రయం. భువనేశ్వర్ రైల్లో మూడు గంటల దూరమే, నిజమే. కానీ అక్కడినుంచి డాలస్ అంటే సాధారణంగా ఢిల్లీలోనో ముంబైలోనో ఒకసారి మారాలి, ఆపైన ఇంకోసారి మారాలి. విశాఖదీ దాదాపు అదే కథ. హైదరాబాద్ నుంచైతే దుబాయ్‌లోనో దోహాలోనో ఒక్కసారి మారితే చాలు. ఆ విమానాల్లో పక్క సీటువాళ్ళు కూడా తెలుగువాళ్ళే అయ్యే అవకాశం ఎక్కువ. ఇంగ్లీషు రాని అమ్మలకి అదెంత ధైర్యమో కౌంటర్లో కూర్చున్న నాకు తెలుసు. మూడు ఊళ్ళనీ ఒకే వెతుకులాటలో పెట్టి పోల్చి చూడండి. హైదరాబాదే తగ్గితే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. డిసెంబరు 1 ప్రయాణానికి అక్టోబరు 2న మొదలవుతుంది, ఆరోజు పొద్దున్న 8 గంటలకి సిద్ధంగా ఉండండి. విమానానికి కనీసం ఒక రోజు ముందు సికింద్రాబాద్‌లో దిగాలి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రోజులు మీరు మర్చిపోయి ఉండరు. మన తీరానికి డిసెంబరులోనూ తుపాను భయం ఉంటుంది.

చవకగా ఉందని భువనేశ్వర్ నుంచి హైదరాబాద్‌కి విడిగా టికెట్టు కొంటారేమో, అక్కడే చిక్కు. అమెరికా టికెట్టు మీద చాలా కంపెనీలు మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు పట్టుకెళ్ళనిస్తాయి. దేశంలో విమానానికి ఎక్కువగా 15 కిలోలే. మీ ఆవిడ బాలింత కోసం కట్టే శొంఠి, వాము, సున్నిపిండి, పైన బరంపురం అప్పడాలు, ఇవన్నీ తూకం మీద పెడితే కట్టే అదనపు చార్జీతో మిగిలింది కాస్తా పోతుంది. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత ఎవరిదీ కాదు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే ఆ టెన్షన్ లేదు. మరీ చవక టికెట్టు కనబడితే పెట్టెలు ఎన్నో చూడండి, కొన్నింటిలో ఒక్కటే ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలో దిగితే, పెట్టెలు అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్ళీ అప్పగించాలి. హైదరాబాద్‌లోనే దిగితే ఆ తంటా లేదు.

వీల్‌చెయిర్ సాయం ఉచితం. మోకాళ్ళ నొప్పి ఉంటే బుక్ చేసేటప్పుడే అడగండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: ఫోన్లో పదేపదే వెతికితే రేటు పెంచేస్తారటగా? మంగళవారం అర్ధరాత్రి కొంటే చవకట, నిజమేనా?
- పర్లాకిమిడి పాఠకురాలు

జవాబు: మీరు వెతుకుతుండగా చౌక సీట్లు ఇంకెవరో కొనేస్తే రేటు పెరుగుతుంది, మీ ఫోన్ మీద పగబట్టి కాదమ్మా. ఏ రోజు కొన్నారన్నదానితో పెద్ద తేడా లేదు, ఏ రోజు విమానం ఎక్కుతారన్నదానితో ఉంది. శుక్రవారం, ఆదివారం కంటే మంగళ, బుధవారాలు తరచు తక్కువకి దొరుకుతాయి. అమెరికా ప్రయాణమైతే ఇంకో వెసులుబాటు ఉంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు, కంపెనీ సొంత సైటులో కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు. అమెరికా రవాణా శాఖ నియమమిది. కొన్ని కంపెనీలు దీని బదులు డబ్బు కట్టకుండానే రేటుని 24 గంటలు పట్టి ఉంచుతాయి, మీరు కొనే సైటులో ఏది ఉందో ముందే చదువుకోండి. ఏజెంటు దగ్గరో వేరే సైటులోనో కొంటే ఈ నియమం వర్తించకపోవచ్చు.