ఓడల్లో క్లీన్ ఇంధనాలకు ప్రభుత్వాలు డబ్బు పెడుతున్నా పని ఎక్కడ ఆగుతుంది? ముందే పసిగట్టొచ్చా?

నేను ఓడ ఎక్కినవాణ్ని కాదు. అనంతపురం జిల్లా తాడిపత్రి దగ్గర అరటి ప్యాక్‌హౌస్‌లో ఎగుమతి కాగితాలు చూస్తాను. 2020లో ఇక్కడి స్టేషన్ నుంచి ముంబై దగ్గరి జేఎన్‌పీటీ రేవుకు అరటి రైలు వేశారు. మా కాయలు అక్కడ ఓడెక్కుతాయి. అంటే నాకు తెలిసింది బాడుగ కట్టేవాడి లెక్క.

మొదట చూడాల్సింది ఖర్చు ఎవరిది, మిగులు ఎవరిది అని. మా పక్క భూమి గుత్తకు చేసే రైతు సొంత డబ్బుతో డ్రిప్ వేయించడు, వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో. భూమి ఉన్నాయనా వేయించడు, దిగుబడి పెరిగితే అది గుత్తదారుడికే కదా. ఓడల్లోనూ ఇదే తంతు. టైమ్ చార్టర్‌లో, అంటే ఓడను కొంతకాలానికి బాడుగకిచ్చే ఒప్పందంలో, ఇంధనం ఖర్చు ఓడను బాడుగకు తీసుకున్నవాడిది, ఇంజిన్ మార్చే పెట్టుబడి ఓనర్‌ది. సగం సబ్సిడీ ఇచ్చినా ఓనర్ మిగతా సగం ఎందుకు పెడతాడు?

మాకే తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. సబ్సిడీతో కోల్డ్ రూమ్ కట్టించాం. మెషిన్లు బిగించారు. దానికి సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. ఆ సీజనంతా కాయ కోసిన రోజు కంటైనర్ రాకపోతే నాకు ఒకటే టెన్షన్. స్కీమ్‌లో గది ఉంది, కరెంటు లైను లేదు. అది వేరే డిపార్ట్‌మెంట్ పనట! రేవులో ఆగిన ఓడకు ఒడ్డు నుంచి కరెంటిచ్చే షోర్ పవర్ కూడా ఇలాగే ఇరుక్కుంటుంది. ఓడలో ఏర్పాటు ఉన్నా రేవులో లేకపోతే దండగే. క్లీన్ ఇంధనాలుగా చెప్పే మిథనాల్, అమ్మోనియాలదీ అంతే. కొనే ఓడలు లేవని ప్లాంటు కట్టరు, ఇంధనం దొరకదని ఓడలు కట్టించరు. అందుకే 2024లో మన కేంద్రం టగ్ బోట్లను (పెద్ద ఓడలను రేవులో లాగే, నెట్టే చిన్న పడవలను) గ్రీన్‌గా మార్చే కార్యక్రమం మొదలుపెట్టడం నాకు తెలివైన పనిగా అనిపించింది. టగ్గు రేవు వదిలి దూరం పోదు, చార్జింగ్ ఒక్కచోట పెడితే చాలు.

అమ్మోనియా మండితే కార్బన్ డయాక్సైడ్ రాదు, నిజమే. కానీ ఇప్పటి ఓడ ఇంధనం ఇచ్చేంత శక్తికి ట్యాంకు దాదాపు మూడింతలు కావాలి. పైగా విషం. పాత కోల్డ్ స్టోరేజీల్లో ఆ గ్యాస్ లీకైతే కళ్లు, గొంతు ఎలా మండుతాయో అక్కడ పనిచేసినవాళ్లను అడగండి. వాళ్లు బయటికి పరుగెత్తుతారు. నడిసముద్రంలో ఎక్కడికి పరుగెత్తాలి?

ఇక రూల్స్. 2050 ప్రాంతానికి ఓడల ఉద్గారాలు నెట్ జీరో, అంటే నికరంగా సున్నా, కావాలని ఓడల రవాణాను చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐఎంఓ 2023లో చెప్పింది. ఉద్గారాలకు ధర పెట్టే నిబంధనల మీద నిర్ణయాన్ని 2025 అక్టోబరులో ఏడాది వాయిదా వేసింది. పాతికేళ్లు నడిచే ఓడకు ఆర్డర్ ఇచ్చేవాడు ఇది చూసి చేయి వెనక్కి తీసుకోడా?

పాలసీ రాసేముందు ఓనర్‌ను, బాడుగదారుణ్ని, రేవు కరెంటు ఇంజినీరును, ఇంజిన్ రూమ్‌లో పనిచేసేవాణ్ని విడివిడిగా కూర్చోబెట్టి ‘ఇది ఎందుకు కుదరదు?’ అని అడగండి. ‘కుదురుతుందా?’ అంటే అందరూ కుదురుతుందనే అంటారు. కోల్డ్ రూమ్ అప్పుడు మేమూ అదే అన్నాం.