అల్లుడికి, బావ సీడీల గురించి

విల్లివాక్కం, చెన్నై.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి పెద్దది చేసుకుని మరీ చూశాను. అది మా బావ, అంటే మీ నాన్న, సీడీల పౌచే. జిప్పు ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసింది కూడా నాకు గుర్తే. ‘ఒక్కటీ నడవట్లేదు మామయ్యా, ఇల్లు మారుతున్నాం, పారేద్దామా?’ అని అడిగావు. వద్దు నాయనా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను 1994 నుంచి రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్లు బిగించినవాణ్ణి. ‘ఆట పాడైపోయింది’ అంటూ వచ్చినవాళ్లలో చాలామందికి పాడైంది ఆట కాదు. ప్రతి పాత ఆటా ఫలానా ప్రాసెసరు, ఫలానా సౌండు కార్డు, ఫలానా రంగులు ఉంటాయని నమ్మి రాసింది. కొత్త ల్యాప్‌టాప్‌లో అవి కనబడక బిత్తరపోతుంది. అది ఏ యంత్రం కోసం వెతుకుతోందో కనిపెట్టి, ఆ యంత్రాన్ని దాని కళ్లముందు పెట్టడమే మన పని.

అయితే ఆట సంగతి తర్వాత. ముందు సీడీలకి నకళ్లు తీసి పెట్టుకో. 2015 డిసెంబరు వరదల్లో మేం సైదాపేటలో కింది పోర్షన్‌లో ఉన్నాం. నీళ్లు దిగాక చూస్తే అట్టపెట్టెలో సీడీల మీద కాగితం కవర్లు అతుక్కుపోయి ఉన్నాయి. తొందరపడి లాగాను. కాగితంతోపాటు వెండి పూత కూడా లేచి వచ్చేసింది. నలభైకి పైగా సీడీలు అలా పోయాయి, వాటిలో నీ పెళ్లికి ముందు నేనూ బావా కలిసి కొన్నవీ ఉన్నాయి. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. సీడీకి మెరిసే వైపు గీతలు పడతాయని భయపడతాం గానీ నాజూకైనది పేరు రాసిన వైపు. పూత ఆ వైపే, పలచటి వార్నిష్ కింద ఉంటుంది. తుడవాల్సి వస్తే మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి నేరుగా తుడువు. గుండ్రంగా తిప్పావంటే, పడిన గీత డేటా వరస పొడవునా సాగుతుంది.

మీ బెంగళూరులో ఎస్పీ రోడ్డుకి వెళ్తే యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ దొరుకుతుంది. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఒక్కో సీడీకీ ఇమేజ్, అంటే సీడీ మొత్తానికి ఫైలు రూపంలో నకలు, తీసుకో. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆ రోజుల్లో కొన్ని ఆటల సంగీతం ఫైళ్ల రూపంలో ఉండేది కాదు, పాటల సీడీలో లాగా విడి ట్రాకులుగా ఉండేది. అలాంటి సీడీని ఐఎస్ఓ అనే ఒంటరి ఫైలుగా తీస్తే ఆట వస్తుంది, సంగీతం రాదు. వాటిని బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తియ్యాలి. ఎలా తెలుస్తుందంటావా? ఆ సీడీని మామూలు పాటల ప్లేయర్‌లో పెట్టి చూడు. రెండో ట్రాకు నుంచి పాట వస్తే జంట ఫైళ్లే తియ్యి. ఫ్లాపీలుంటే మూడున్నర అంగుళాలవాటికి యూఎస్‌బీ డ్రైవ్‌లు దొరుకుతాయి. అయిదుంబావు అంగుళాలవి వాటిలో పట్టవు, విడిగా దాచు, ఈసారి వచ్చినప్పుడు నేను చూస్తాను.

నకళ్లు అయ్యాక ఒక్కో ఆటా ఏ కాలానిదో విడదియ్యి. విండోస్‌కి ముందు వాడిన డాస్ కాలంవి ఒక పక్క, విండోస్ 95 తర్వాతవి ఇంకో పక్క.

డాస్ ఆటలు చూస్తే కష్టమనిపిస్తాయి గానీ నా అనుభవంలో అవే తేలిక. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11, అది 64 బిట్లలోనే వస్తుంది. 64 బిట్ల విండోస్‌కి డాస్ కాలంనాటి 16 బిట్ల ప్రోగ్రాములు నడిపే ఏర్పాటే లేదు. అందుకే డేవ్ ఆట మీద డబుల్ క్లిక్ చేస్తే ‘ఈ పీసీలో నడవదు’ అంటోంది. డాస్‌బాక్స్ వేసుకో. 2002 నుంచి ఉన్న ఉచిత ప్రోగ్రాం. నీ కంప్యూటర్ లోపలే ఒక పాత ప్రాసెసరునీ, సౌండ్ బ్లాస్టర్ కార్డునీ, డాస్‌నీ నటించి చూపిస్తుంది. ఆటలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, మౌంట్ అనే కమాండ్‌తో దాన్ని సి డ్రైవ్‌గా చూపిస్తే చాలు, ఆట తన ఇంట్లో ఉన్నాననే అనుకుంటుంది. బిన్, క్యూ జంటని ఇమ్‌గ్‌మౌంట్ (imgmount) కమాండ్‌తో క్యూ ఫైలు పేరిచ్చి తగిలిస్తే సంగీతం కూడా మోగుతుంది. ఆట ముందు నడిచే సెటప్‌లో సౌండు కార్డు ఏదని అడిగితే సౌండ్ బ్లాస్టర్ అను.

తర్వాత వేగం. నీకు గుర్తుందో లేదో, మన మొదటి కంప్యూటర్, ఆ 486 ప్రాసెసరు డబ్బాకి ముందువైపు టర్బో అని ఒక బటన్ ఉండేది. పేరు అలా ఉన్నా దాని పని అవసరమైనప్పుడు ప్రాసెసరుని నెమ్మది చెయ్యడం. పాత ఆటలు కొన్ని గడియారం చూసుకోవు, ప్రాసెసరు ఎంత పరిగెడితే అంత పరిగెడతాయి. కొత్త యంత్రం మీద బొమ్మ కంటికి కూడా ఆనదు. డాస్‌బాక్స్‌లో ఆ బటన్‌కి బదులు కంట్రోల్ ఎఫ్11 నొక్కితే నెమ్మదిస్తుంది, కంట్రోల్ ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది. ల్యాప్‌టాప్‌లో ఫంక్షన్ మీట కూడా కలిపి నొక్కాలేమో చూసుకో. దీనికి లెక్కంటూ లేదు. నడిచే బొమ్మ కాళ్లు చూస్తూ, నీ చిన్నప్పటి చేతికి సరిపోయేదాకా కొంచెం కొంచెంగా మార్చు. ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని వస్తే హడలిపోకు. టర్బో పాస్కల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాము చాలాసార్లు మొదట్లోనే ఒక భాగహారం చేసి ప్రాసెసరు వేగం కొలుస్తుంది. మరీ వేగంగా ఉంటే ఆ భాగహారం జవాబు దానికిచ్చిన చోటులో పట్టక ఆగిపోతుంది. వేగం తగ్గించి మళ్లీ మొదలెట్టు.

అసలు చిక్కంతా విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా వచ్చినవాటితో. ఇక్కడ ఓపిక కావాలి.

ముందుగా, ఏ పాత ఆటనీ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకు. విండోస్ విస్టా నుంచి ఆ ఫోల్డర్‌లో రాయడానికి మామూలుగా అనుమతి ఉండదు. పాత ఆట సేవ్ ఫైళ్లు అక్కడే రాద్దామని చూస్తుంది, ఒక్కోసారి విండోస్ వాటిని చెప్పాపెట్టకుండా ఇంకో ఫోల్డర్‌కి మళ్లిస్తుంది, నువ్వేమో సేవ్ పోయిందనుకుంటావు. సి డ్రైవ్‌లో గేమ్స్ అని వేరే ఫోల్డర్ పెట్టుకో. తర్వాత ఆట ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ. అక్కడ విండోస్ 98 అనో ఎక్స్‌పీ అనో పెట్టి చూడు. ఆట డైరెక్ట్‌ప్లే అనే పాత విండోస్ భాగం లేదని మొర పెట్టుకుంటే విండోస్ ఫీచర్లలో లెగసీ కాంపోనెంట్స్ కింద టిక్కు పెట్టు.

ఆట 32 బిట్లదే అయినా దాని సెటప్ 16 బిట్లదై మొరాయించడం మామూలే. అప్పుడు నేను కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో ఎక్స్‌పీ వేసి, అందులో ఇన్‌స్టాల్ చేసి, తయారైన ఫోల్డర్‌ని బయటికి తెచ్చుకుంటాను. చాలాసార్లు అలాగే నడుస్తుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌తో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వకు.

రంగులు చెడిపోవడం ఇంకో రకం. 256 రంగుల కాలంలో ఆట తన రంగుల పట్టిక తానే పెట్టుకునేది. దాన్ని కొత్త విండోస్ గందరగోళం చేస్తే గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదాగా కనబడతాయి. గ్రాఫిక్స్ కార్డు పోయిందని మార్పించుకున్నవాళ్లని చూశాను, ఆ డబ్బు దండగ. సీఎన్‌సీ డీడ్రా అనే చిన్న ఉచిత ఫైళ్ల కట్ట తెచ్చి ఆట ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టు. త్రీడీ ఆటలకైతే డీజీవూడూ. పాత డైరెక్ట్‌ఎక్స్, ఒకప్పటి వూడూ కార్డుల గ్లైడ్ భాషని ఇప్పటి కార్డుకి అర్థమయ్యేలా అది మార్చి చెబుతుంది. అందులో ఎక్స్86 ఫోల్డర్‌లో ఉన్న డీఎల్ఎల్‌లే తీసుకో. నీది 64 బిట్ల ల్యాప్‌టాప్ అయినా ఆట 32 బిట్లదే, నీ వయసువాళ్లు పొరబడేది ఇక్కడే.

ఇంత చేసినా సొంత సీడీ పెట్టినా ‘అసలు సీడీ పెట్టు’ అనే ఆటలు కొన్ని మిగులుతాయి. సేఫ్‌డిస్క్ అనే తాళం ఉన్నవి అవి. దానికి కావాల్సిన డ్రైవర్‌లో భద్రతా లోపం వల్ల విండోస్ 10 నుంచి దాన్ని నడవనివ్వడం మానేశారు. ఇది నీ వల్ల అయ్యే మరమ్మతు కాదు. ముక్కూమొహం తెలియని సైట్ల నుంచి తాళం తీసిన ఫైళ్లు దింపకు, నువ్వు ఆఫీసు పని చేసేది కూడా ఆ ల్యాప్‌టాప్ మీదే. జీఓజీ అనే ఆటలు అమ్మే సైట్‌లో అదే ఆట తాళం లేకుండా, ఇప్పటి విండోస్‌కి సరిచేసి అమ్ముతున్నారేమో చూసి మళ్లీ కొనుక్కో. దాన్ని బతికించి ఉంచినవాళ్లకి ఆ డబ్బు చేరడం న్యాయం. సీడీ మాత్రం పౌచ్‌లోనే ఉండనియ్యి.

పాపకి ముందు ప్రిన్స్ ఆఫ్ పర్షియా చూపిస్తానన్నావు. మంచిది. డాస్‌లో 1990లో వచ్చిన ఆట, గంటలోపు యువరాణిని చేరాలి. కానీ మొదటి లెవెల్ దాటాక ఒక గది నిండా అక్షరాల కింద మందు సీసాలుంటాయి. మాన్యువల్‌లో ఫలానా పేజీ, ఫలానా వరస, ఫలానా మాట అని అడుగుతుంది. ఆ మాట మొదటి అక్షరం ఉన్న సీసా తాగితేనే తలుపు తెరుచుకుంటుంది. మన దగ్గర మాన్యువల్ లేదు. బావ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చి, రెండు ఆదివారాలు కూర్చుని ఆ మాటలన్నీ పట్టికగా చేత్తో రాసుకున్నాడు. గీతల నోటుబుక్కు, నీలం అట్ట. నెల్లూరులో అక్క కుట్టుమిషను సొరుగులో ఉండాలి. అక్కకి ఈ రాత్రే ఫోన్ చేసి ప్రతి పేజీ ఫొటో తీయించుకో, ఆట ఆ తర్వాత మొదలెట్టు.

ఇట్లు,
మామయ్య