చేతివాటం: తిట్టా, మెచ్చుకోలా?

సందేహం: చెన్నై పశ్చిమ మాంబళం నుంచి ఒక సోదరి (పేరు వద్దన్నారు) ఇలా రాశారు. “మా అబ్బాయికి సంబంధం చూస్తున్నాం. అమ్మాయి తరఫువాళ్లు జాతకంతో పాటు చెయ్యి కూడా చూపించమన్నారు. మైలాపూరులో ఒక పెద్దాయన చూసి కాగితం మీద రాసిచ్చారు. ‘వేళ్లు పొడుగు, కణుపులు తేలి ఉన్నాయి, బొటనవేలు గట్టిది, చేతివాటం మంచిది’ అని. మావాడు బ్యాంకులో క్యాషియరు. కాగితం చదివిన దగ్గర్నుంచి వాళ్లు ‘చేతివాటం అని రాశారేమిటి?’ అని ఫోన్లు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ మాటకు దొంగతనం తప్ప వేరే అర్థం లేదా? ఇంకొకటి: ఉంగరపు వేలు అనాలా, అనామిక అనాలా?”

సమాధానం: ఉందమ్మా, వేరే అర్థమే ముందు ఉంది. దొంగతనం తర్వాత వచ్చి చేరింది.

మొదట ‘వాటం’ సంగతి చూద్దాం. మొన్న వానలకు ముందు మా అపార్ట్‌మెంటు డాబా మీద నీళ్లు నిలుస్తున్నాయని మేస్త్రిని పిలిచాం. తమిళుడు. డాబా అంతా ఒకసారి తిరిగి చూసి, ‘వాట్టం సరియిల్లె సార్’ అన్నాడు. మన మేస్త్రి అయినా ఆ మాటే అంటాడు, ‘వాటం సరిగా లేదండీ’ అని. నీళ్లు తమంతట తాము తూముకేసి పారేలా నేలకు ఇచ్చే ఏటవాలే వాటం. తమిళంలో మొక్క వాడిపోవడాన్ని కూడా వాట్టం అంటారు. అది మన ‘వాడు’ ధాతువుకు చుట్టం, దీనికి కాదు. సంస్కృతంలో తోట, ఆవరణ అనే అర్థంలో ఉన్న వాటం, వాటిక కూడా వేరే మాటలే. ఇక ‘అలవాటు’లో ఉన్నది వాటమే అని కొందరు నాకు రాస్తుంటారు. అది పొరపాటు. పొరపడు నుంచి పొరపాటు, ఏర్పడు నుంచి ఏర్పాటు వచ్చినట్టే అలవడు నుంచి అలవాటు వచ్చింది.

డాబా వాటంలో ఉన్న భావాన్ని పట్టుకుంటే మిగతావన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. ఎవరూ తొయ్యకుండా ఒక వస్తువు ఎటు ఒరుగుతుందో అదే దాని వాటం. గాలి ఎటు వీస్తే అటు పోయేవాడిది గాలివాటం. కత్తిపీట చేతికి కుదిరితే వాటంగా ఉందంటాం. ‘వాడి వాటం చూస్తే ఇవాళ పని అయ్యేలా లేదు’ అన్నప్పుడు మనిషి మనసు ఎటు మొగ్గిందో చెబుతున్నాం. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం అన్నా అంతే. పని కనబడగానే ముందుకొచ్చే చెయ్యి ఏది అన్నదే అక్కడ సంగతి.

మీ పెద్దాయన వాడింది ఈ అర్థంలోనే. సాముద్రికులు గీతల కంటే ముందు చెయ్యి తీరు చూస్తారు. ‘చెయ్యి చాపండి’ అని మాత్రం అంటారు, ఎలా చాపాలో చెప్పరు. వేళ్లు దగ్గరగా పెట్టి చాపారా, ఎడం చేసి చాపారా? సందుల్లోంచి వెలుతురు కనిపిస్తే డబ్బు నిలవదంటారు. బొటనవేలు వెనక్కి తేలిగ్గా వంగితే ఇచ్చే గుణం, వంగకపోతే పట్టుదల, అరచేతిలోకి ముడుచుకుంటే లోపల మాట బయటికి రానివ్వని స్వభావం. వేళ్లు పొడుగైతే ప్రతి పనిలో వివరం చూసే మనిషి, పొట్టివైతే తొందర. కణుపులు తేలి ఉంటే ఆలోచించి గాని అడుగు వెయ్యడు. వాళ్ల లెక్క ఇది. అందులో నిజమెంత అన్నది నా శాఖ కాదు. మాట మాత్రం నా శాఖ. చెయ్యి తనంతట తాను ఒదిగే తీరుకు ‘చేతివాటం’ కంటే పొందికైన మాట తెలుగులో దొరకదు. ఆయన తెలుగు మంచి తెలుగు.

చేతి వాటాన్ని బట్టి మనిషిని చెప్పడమంటే నాకు మైలాపూరు కంటే ముందు పోతన గుర్తొస్తాడు. భాగవతం అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు వద్దు వద్దంటున్నా బలిచక్రవర్తి దానానికి సిద్ధపడతాడు. ఎందుకో చెబుతూ, శ్రీసతి కొప్పు మీద, ఆమె పైట మీద, పాదాల మీద గౌరవం పొందిన ఆ విష్ణువు చెయ్యి ఇవాళ

“కరంబు క్రిందగుట మీదై నా కరంబుంట మేల్
గాదే రాజ్యము గీజ్యమున్ సతతమే”

అంటాడు. ఆ చెయ్యి కింద, నా చెయ్యి పైన. ఒకటి వెల్లకిలా చాపిన చెయ్యి, ఒకటి వంచి ధార పోసే చెయ్యి. గీతలు లేవు, వేళ్ల కొలతలు లేవు. రెండు చేతులు ఎలా ఉన్నాయో చెప్పి బలి గుణమంతా చెప్పేశాడు. పైగా ‘రాజ్యము గీజ్యము’! పులీ గిలీ, పుస్తకం గిస్తకం అని మనం ఇంట్లో అనుకునే మాట తీరును మూడు లోకాలేలిన చక్రవర్తి నోట పెట్టాడు. రాజ్యం మీద ఆయనకెంత లెక్కలేదో ఆ ఒక్క ‘గీజ్యము’ చెబుతుంది. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నాకు ఆ దగ్గర గొంతు పట్టుకుంటుంది.

మరి ఇంత మంచి మాట దొంగల పాలు ఎలా అయింది? చేతి నేర్పును మెచ్చుకునే మాటలకు ఈ గతి మన ఒక్కరి దగ్గరే పట్టలేదు. హస్తలాఘవం అంటే చేతి తేలికదనం, వేగం. ఇతిహాసాల్లో విలుకాడి నేర్పుకు వాడిన మాట. ఇవాళ తెలుగులో ఎవరికైనా హస్తలాఘవం ఉందంటే మనం జేబు తడుముకుంటాం. తమిళంలో కైవరిసై అంటే ఆయుధం పట్టడంలో నేర్పు. మీ వీధి చివర టీ కొట్లో వేలాడే తమిళ పేపర్లో చూడండి, కైవరిసై చూపించేది దొంగలే. బెంగళూరు వెళ్తే కన్నడ పేపర్లలో కైచళక గతీ అంతే. దొంగ పనికి కూడా నేర్పు కావాలి కాబట్టి ఆ మాటను మొదట వెటకారంగా అని ఉంటారు. వెటకారం పోయి అర్థం మిగిలింది.

తెలుగులో దీన్ని స్థిరపరిచింది మాత్రం వార్తలు రాసేవాళ్లు. ‘ఉద్యోగి చేతివాటం’, ‘సిబ్బంది చేతివాటం’ అని శీర్షికలు పెడతారు. నేరం రుజువు కాలేదు, దొంగతనం అనలేం, అందుకని చాటుమాటు మాట కావలసి వచ్చింది. అయ్యా, ‘డబ్బు మాయం’ అనండి, ‘కాజేశారని ఆరోపణ’ అనండి. తెలుగులో మాటలకు కరువా? అదే పేపర్లో ఆటల పేజీ తిప్పితే ‘ఎడమచేతి వాటం బ్యాటర్’ అని ఉంటుంది. ఒకే పేపర్లో, ఒకే మాట, ఒకచోట నింద, ఒకచోట శరీర లక్షణం. కొత్తగా భాష నేర్చుకునే పిల్లవాడికి ఏం చెప్పాలి? రాసేవాళ్లు కొంచెం ఆలోచించాలి.

ఈ కుటుంబంలో చెడనివి కూడా ఉన్నాయి, సంతోషం. వైద్యుడి హస్తవాసి ఇంకా మంచి అర్థంలోనే ఉంది. తమిళుల కైరాసి కూడా. చెయ్యి తిరిగిన రచయిత, చెయ్యి తిరిగిన వంటమనిషి చెక్కుచెదరలేదు.

అందుచేత, అమ్మా, ఆ కాగితంలో తప్పు లేదు. ‘మంచిది’ అని పక్కనే రాశారు గనక వేరే అర్థం తియ్యడానికి వీలు కూడా లేదు. దొంగతనంలో మంచిది, చెడ్డది ఉండవు కదా. అయినా ఒట్టి ‘చేతివాటం’ అనే మాటను ఇవాళ్టి వాడుకలో, అందులోనూ రోజూ డబ్బు లెక్కపెట్టే అబ్బాయి గురించి, నేనైతే రాయను. తప్పని కాదు, వినేవాళ్ల చెవి మారిపోయిందని. ‘చేతి తీరు మంచిది’ అని ఇంకో కాగితం రాయించుకోండి. వియ్యాలవారు కాబోయేవాళ్లకు పాత అర్థం కూడా నెమ్మదిగా చెప్పండి. వింటే మాట బతుకుతుంది.

రెండో సందేహం చిన్నది. ఉంగరపు వేలు అనండి, హాయిగా ఉంటుంది. అనామిక అంటే పేరు లేనిది. కవులను లెక్కపెడుతూ చిటికెనవేలు దగ్గర కాళిదాసు పేరు చెప్పారట, పక్క వేలికి ఆయనతో సమానమైన కవి దొరకలేదట, అందుకే ఆ పేరు సార్థకమైందని ఒక పాత సంస్కృత శ్లోకం. చమత్కారం గొప్పది. కానీ మన తెలుగువాళ్లు ఆ వేలికి పేరూ పెట్టారు, ఉంగరమూ తొడిగారు.