లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు మార్చుకోవచ్చా?

ప్రశ్న: నాది ఐ5 లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఇంటెల్ యూహెచ్‌డీ గ్రాఫిక్స్. జీటీఏ 5 ఆడుతుంటే తెగ ల్యాగ్ అవుతోందండీ. రిపేర్ షాపాయన కార్డు మార్చేస్తా అంటున్నాడు, ఇచ్చేయమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు బాబూ. మీ దాంట్లో విడిగా కార్డే లేదు, ఆ గ్రాఫిక్స్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది, విడిగా ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్ ఉన్న లాప్‌టాప్‌ల్లో అయినా దాదాపు అన్నిట్లో దాన్ని మదర్‌బోర్డుకి సోల్డరింగ్ చేసేస్తారు, డెస్క్‌టాప్‌లోలాగా పీకి ఇంకోటి పెట్టడానికి స్లాట్ ఉండదు. పాత మోడల్స్ కొన్నిట్లో ఎంఎక్స్‌ఎం అని మార్చుకునే కార్డులుండేవి, అవిప్పుడు చాలా అరుదు. థండర్‌బోల్ట్ 3 అనే చాలా వేగంగా డేటా పంపే పోర్టుంటే బయట డబ్బాలో డెస్క్‌టాప్ కార్డు పెట్టి కలపొచ్చు గానీ డబ్బా, కార్డు, పవర్ సప్లై అన్నీ కొనేసరికి తడిసి మోపెడవుతుంది, పైగా కార్డు పూర్తి స్పీడూ రాదు.

ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కెళ్లి మెమరీ నొక్కండి, స్లాట్స్ యూజ్డ్ దగ్గర 1 ఆఫ్ 2 అనుంటే, అంటే ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే, అదే స్పీడుది ఇంకో 8 జీబీ స్టిక్ వేయించండి. మీ గ్రాఫిక్స్ వాడుకునేది ఆ ర్యామ్‌నే కదా, రెండు స్టిక్‌లైతే డ్యూయల్ చానెల్‌లో, అంటే రెండూ ఒకేసారి డేటా అందిస్తూ పనిచేసి, సెకనుకు కనిపించే ఫ్రేమ్స్ బాగానే పెరుగుతాయి. గేమ్‌లో రిజల్యూషన్ 720కి దించండి, ఛార్జర్ పెట్టే ఆడండి.