హెచ్ఐవీ టీకా: యాంటీబాడీలు వచ్చినా రక్షణ ఎందుకు రాలేదు?

ప్రశ్న: ప్రయోగదశలో ఉన్న హెచ్ఐవీ టీకా వేయించుకున్నవాళ్లలో దాదాపు అందరికీ యాంటీబాడీలు వచ్చాయని రాస్తారు. కొన్నాళ్లకు అదే టీకా పనిచేయలేదని రాస్తారు. రెండూ ఎలా నిజమవుతాయి?

జవాబు: రెండూ నిజమే. చిక్కంతా ‘యాంటీబాడీలు’ అన్న మాటలో ఉంది. టీకాలోని ప్రొటీన్‌కు అతుక్కుంటే చాలు, ఎలీసా పరీక్షలో యాంటీబాడీ కనబడుతుంది. వైరస్ కణంలోకి దూరకుండా ఆపడం వేరే పని. అది చేసేవాటిని తటస్థీకరణ యాంటీబాడీలు అంటారు. మొదటివి పుట్టించడం తేలిక, రెండోవే దొరకడం లేదు.

కారణం వైరస్ ఒంటిమీదే ఉంది. మూడు జీపీ120, మూడు జీపీ41 అనే ప్రొటీన్ ముక్కలు కలిస్తే వైరస్ తొడుగు మీద ఒక ముల్లు. ఒక్కో వైరస్‌పై అలాంటివి సుమారు 14 మాత్రమే. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెరలే. వాటిని అతికించేది మన కణాలే కాబట్టి శరీరం వాటిని తనవే అనుకుని వదిలేస్తుంది. తొలితరం టీకాల్లో జీపీ120ను విడిగా ఇచ్చారు. ముల్లులో ఉన్నప్పుడు లోపల దాగే భాగాలు విడి ముక్కలో బయటపడతాయి. శరీరం వాటిమీదే ఎగబడి యాంటీబాడీలు చేస్తుంది. తీరా అసలు వైరస్ వచ్చేసరికి వాటికి అతుక్కునే చోటే ఉండదు. 2003లో ఫలితాలు వెలువడిన ఎయిడ్స్‌వ్యాక్స్ టీకాకు ఎదురుదెబ్బ తగిలింది ఇక్కడే.

మధ్యేమార్గంగా కనిపించింది థాయ్‌లాండ్ పరీక్ష, ఆర్‌వీ144. 16 వేలమందికి పైగా పాల్గొన్న ఈ పరీక్షలో 2009లో తేలిన రక్షణ 31.2 శాతం. బలమైన తటస్థీకరణ లేకుండానే ఇది వచ్చింది. 2012 నాటి విశ్లేషణ ప్రకారం, ముల్లులోని వీ1వీ2 భాగానికి అతుక్కునే ఐజీజీ రకం యాంటీబాడీలు ఎక్కువున్నవారికి ఇన్ఫెక్షన్ ముప్పు తగ్గింది. రక్తంలో తొడుగు ప్రొటీన్‌కు అతుక్కునే ఐజీఏ రకం ఎక్కువున్నవారికి ముప్పు ఎక్కువగా కనిపించింది. అయితే ఇది సంబంధమే, కార్యకారణానికి రుజువు కాదు. అదే బాటలో మార్పులు చేసి దక్షిణాఫ్రికాలో ఇచ్చిన టీకా పరీక్షను 2020లో ఆపేశారు. టీకా వర్గంలో 129 ఇన్ఫెక్షన్లు, ప్లాసిబో (ఉత్తుత్తి మందు) వర్గంలో 123!

ప్రశ్న: మా ల్యాబ్‌లో టీజెడ్ఎం-బీఎల్ కణాలతో (హెచ్ఐవీ సోకితే వెలుగునిచ్చే ల్యాబ్ కణాలు) తటస్థీకరణ పరీక్ష చేస్తున్నాం. ప్లాసిబో తీసుకున్నవారి నమూనా కూడా వైరస్‌ను ఆపుతోంది. తప్పెక్కడ?

జవాబు: ముందు ఎలుకల ల్యుకేమియా వైరస్ తొడుగు వేసిన కంట్రోల్ వైరస్ ఫలితం చూడండి. దాని తొడుగు వేరైనా లోపలి యంత్రాంగం హెచ్ఐవీదే. నమూనా దాన్నీ ఆపుతుంటే పనిచేస్తున్నది హెచ్ఐవీ యాంటీబాడీ కాదు, మరేదో.

మొదట అనుమానించాల్సింది మందులను. ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా వాడే టెనోఫోవిర్ వంటివి సీరంలో మిగిలి ఉంటే రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ (వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకోవడం) ఆగి, వెలుగు తగ్గి, తటస్థీకరణలా భ్రమింపజేస్తాయి. నమూనాను ప్రొటీన్ ఏ లేదా జీ కాలమ్ మీదుగా పంపి ఐజీజీని వేరుచేసి మళ్లీ పరీక్షించండి. మందు కడుక్కుపోతుంది, యాంటీబాడీ మిగులుతుంది. రెండోది రక్తం తీసిన గొట్టం. రక్తం గడ్డకట్టకుండా అందులో వేసే హెపారిన్ స్వయంగా వైరస్‌ను అడ్డుకోగలదు. అదే పనికి వాడే ఈడీటీఏ తక్కువ పలచనలో కణాలను చంపుతుంది. వీలైతే ప్లాస్మా కాకుండా సీరమే వాడండి. కాంప్లిమెంట్ (రక్తంలోని రక్షణ ప్రొటీన్లు) అడ్డు రాకుండా 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట నుంచి గంట వేడిచేయడం మరవొద్దు.

మిగతాది మామూలే. 96 గుంటల ప్లేటులో మూడు రెట్ల చొప్పున పలచన చేస్తూ పోవాలి, వైరస్‌తో 37 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాలి, గుంటకు 10,000 కణాలు వేయాలి, 48 గంటలయ్యాక లూసిఫరేజ్ వెలుగు కొలవాలి. వైరస్ మాత్రమే ఉన్న గుంటలతో పోలిస్తే వెలుగు సగానికి తగ్గే పలచనే ఐడీ50. ఒక మాట: తేలిగ్గా లొంగే టియర్ 1 వైరస్‌ల మీద వచ్చిన అంకె చూసి మురిసిపోకండి. బయట తిరిగే రకాల్లో ఎక్కువభాగం అంత తేలిగ్గా లొంగని టియర్ 2వే.

ప్రశ్న: మంచి యాంటీబాడీని నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే పోదా?

జవాబు: ఎక్కించి చూశారు. వీఆర్‌సీ01 అనే యాంటీబాడీని 8 వారాలకోసారి ఇచ్చారు. 2021 ఫలితాల్లో మొత్తంమీద రక్షణ తేలలేదు. కానీ ఆ యాంటీబాడీకి బాగా లొంగే రకాల విషయంలో సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. తటస్థీకరణ కాపాడగలదని మనుషుల్లో తెలిసింది ఇలాగే. అలాంటి యాంటీబాడీ పుట్టాలంటే బీ కణం ఎన్నో ఉత్పరివర్తనల మెట్లెక్కాలి. మొదటి మెట్టు కోసం తయారైన ఈఓడీ-జీటీ8 టీకా, వేయించుకున్న 36 మందిలో 35 మందిలో సరైన పూర్వరూప కణాలను మేల్కొలిపింది. అవి ఇంకా వైరస్‌ను ఆపే స్థితికి రాలేదు. పైమెట్లకు వేరే బూస్టర్లు కావాలి.

ప్రశ్న: టీకా పరీక్షలో పాల్గొన్న బంధువుకు బయటి ల్యాబ్‌లో హెచ్ఐవీ రియాక్టివ్ (యాంటీబాడీలు ఉన్నట్టు) వచ్చింది. టీకా వల్లే సోకిందా?

జవాబు: టీకాలో ఉండేది వైరస్ ముక్కలే, వాటివల్ల హెచ్ఐవీ సోకదు. మామూలు పరీక్ష యాంటీబాడీలను వెతుకుతుంది కాబట్టి టీకాతో వచ్చినవీ అందులో పడతాయి. 2010లో ప్రచురితమైన ఒక విశ్లేషణలో ఇన్ఫెక్షన్ లేని టీకా గ్రహీతల్లో 41.7 శాతం మందికి ఇలా వచ్చింది. అడినోవైరస్ 5ను వాహకంగా వాడిన టీకాలకు అది 86.7 శాతం, డీఎన్ఏ మాత్రమే ఇస్తే 6.3 శాతం. అలాగని టీకా వల్లేనని వదిలేయకూడదు, నిజంగా సోకి ఉండొచ్చు కూడా. వైరస్ ఆర్ఎన్ఏను వెతికే పరీక్షే తేలుస్తుంది. వెస్టర్న్ బ్లాట్ అనే మరో యాంటీబాడీ పరీక్షలోనూ టీకా గీతలు పడతాయి గనుక దానిమీద ఆధారపడొద్దు. టీకా పరీక్ష జరిపిన కేంద్రం ఇచ్చిన కార్డు చూపమనండి, మళ్లీ పరీక్ష అక్కడే చేయించమనండి. ఈ రియాక్టివ్ ఫలితం ఏళ్ల తరబడి నిలవొచ్చు, అన్నాళ్లూ ఆయన రక్తదానాన్ని తిప్పి పంపే అవకాశమే ఎక్కువ.